పద్నాలుగో కాలమ్

మా క్లబ్బులో మోటారు సైకిల్ పందేలు ఫలానా రోజున జరుగుతాయని ఎవరూ ఎక్కడా రాసిపెట్టేవారు కాదు. అయినా అందరూ వచ్చేవారు. ఇది ఘోరమైన అక్రమమని నిరుడు నవంబరు దాకా మాకెవరికీ తోచలేదు.

మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక, ఒకప్పుడు చెరకు బళ్ళు బారులు తీరిన మైదానం ఉంది. ఏళ్ళ తరబడి మా వాళ్ళు బళ్ళు తిప్పీ తిప్పీ అక్కడొక మట్టి ట్రాకు తయారైంది. మొత్తం ముప్ఫై ఎనిమిది మంది సభ్యులం. నేను టైమ్‌కీపర్ని. కాలేజీలో ఫిజిక్స్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను గనుక గడియారం నొక్కడం వచ్చు. మోటారు సైకిల్ గురించి అంతకుమించి ఏమీ తెలియదు.

పాత అధ్యక్షుడు పేరయ్యనాయుడు పద్ధతి చాలా సులువుగా ఉండేది. పొద్దున్నే మైదానానికి వెళ్ళి కాలి బొటనవేలితో మట్టి గీకి చూసేవాడు. ఆకాశం వైపు ఓసారి చూసేవాడు. టీ కొట్టు దగ్గరకొచ్చి "ఈ ఆదివారం పెట్టేద్దావేంటి?" అనేవాడు. సాయంత్రానికల్లా ఆ మాట ముప్ఫై ఎనిమిది ఇళ్ళకూ చేరిపోయేది.

నవంబరులో వాన వచ్చేలా ఉందని ఆయన ఆదివారం పందేన్ని శనివారానికి జరిపాడు. ఆ సంగతి అందరికీ చేరింది గానీ చింతా ప్రకాశం గారికి చేరలేదు. ప్రకాశం గారికి బండి లేదు. తోలడం రాదు. కానీ ఊళ్ళో ఏ సంఘం ఉన్నా ఆయన అందులో సభ్యుడు. ఆదివారం నాడు మడత కుర్చీ, గొడుగు పట్టుకుని మైదానానికి వచ్చి, పదకొండింటి దాకా ఒక్కరే కూర్చుని, వానలో తడిసి ఇంటికి వెళ్ళారు. మర్నాడు నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది.

తేదీ మార్చినది ఎవరు? ఏ అధికారంతో మార్చారు? ఆకాశం చూసినట్లు రికార్డు ఉందా? మట్టిని బొటనవేలితో పరీక్షించుటకు ఆ వేలికి గల అర్హతలేమిటి?

పేరయ్యనాయుడు ఉత్తరం రెండుసార్లు చదివించుకుని విన్నాడు. "ఆకాశం చూసినట్టు కాయితం ఎక్కడ తెమ్మంటారండి బాబూ! నావల్ల కాదండి" అని ఆ పూటే రాజీనామా చేశాడు. క్లబ్బులో మొదటిసారి పారదర్శకత అన్న మాట వినిపించింది. ఆ మాట అందరికీ నచ్చింది. వద్దంటే ఏదో దాస్తున్నట్టుంటుంది గనుక నాకూ నచ్చింది.

కొత్త అధ్యక్షుడిగా సీతాపతిరాజు గారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. రెవెన్యూలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసిన మనిషి. బాధ్యతలు తీసుకున్న రోజే ఫారం-1 తయారు చేశారు. అందులో పదహారు కాలమ్‌లు. పందెం తేదీ ముసాయిదాగా బోర్డు మీద పెట్టాలి, ఇరవై ఒక్క రోజులు అభ్యంతరాలు స్వీకరించాలి, ప్రతి అభ్యంతరాన్నీ బహిరంగంగా విచారించి కారణాలు చూపి ఉత్తర్వు ఇవ్వాలి. నన్ను పారదర్శకత కార్యదర్శిని కూడా చేశారు. అంటే జిగురు డబ్బా నా దగ్గరుంటుంది.

అప్పటికి క్లబ్బులో తేదీతో నిజంగా పనున్న మనిషి ఒక్కడే, బొంతు నూకరాజు.

నూకరాజు బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. పన్నెండేళ్ళుగా పందేల్లో ఉన్నాడు. తొమ్మిదిసార్లు రెండో స్థానంలో వచ్చాడు. మొదటి స్థానం ఒక్కసారీ రాలేదు. మా క్లబ్బులో ఉన్నది యాభై ఏళ్ళలోపు వారి విభాగం ఒక్కటే. మార్చి పన్నెండున అతనికి యాభై నిండుతాయి. యాభై నిండిన తెల్లారి బండి ఇంట్లో ఉండకూడదని భార్య అచ్చియ్యమ్మ ఏనాడో మాట తీసుకుంది. ఏటా మొదటి స్థానం తన్నుకుపోయే దొరబాబు ఈసారి ఉద్యోగం మారి బళ్ళారి వెళ్ళిపోయాడు. అంటే నూకరాజుకి ఇంతకన్నా మంచి అవకాశం రాదు, ఇదే ఆఖరు కూడా.

"మాస్టారూ, డేటు తేలిందాండీ?" అని రెండు రోజులకోసారి మా ఇంటికి వచ్చేవాడు.

"జనవరి ఇరవై ఒకటి అని ముసాయిదా పెట్టాం, నూకరాజూ."

"ముసాయిదా అంటేనండి?"

"ఇంకా కాదని అర్థం."

జనవరి ఇరవై ఒకటికి పదకొండు అభ్యంతరాలు వచ్చాయి. ఒక సభ్యుడి మరదలికి సంబంధాలు చూస్తున్నారట. కుదిరితే ముహూర్తం ఏ ఆదివారం పడుతుందో తెలియదు గనుక ఆదివారాలన్నిటికీ ముందుజాగ్రత్తగా అభ్యంతరం తెలిపాడు. మరొకాయన అమావాస్య దగ్గర పడుతోందన్నాడు. ఇంకొకాయన తనకు ఏ అభ్యంతరమూ లేదని అభ్యంతరాల పత్రం మీద రాసిచ్చాడు. దాన్ని ఏమని నమోదు చేయాలో తేల్చడానికి ఒక పూట పట్టింది. పదకొండింటినీ అధ్యక్షులవారు విచారించి, కారణాలు చూపి తోసిపుచ్చారు. ఆ విచారణలు పూర్తయ్యేసరికి జనవరి ఇరవై నాలుగు వచ్చింది. పందెం తేదీ దాటిపోయింది.

"ప్రక్రియ మాత్రం సంపూర్ణంగా జరిగింది" అన్నారు సీతాపతిరాజు గారు తృప్తిగా. ప్రకాశం గారు కూడా చప్పట్లు కొట్టారు.

తర్వాత సవరించిన ముసాయిదా, ఫిబ్రవరి పద్దెనిమిది. అభ్యంతరాల గడువు ఎప్పుడు మొదలవుతుందో ముందుగా ప్రకటించలేదని ప్రకాశం గారు పట్టుకున్నారు. నిజమే. అది రద్దయింది. ఆ వార్త చెబితే నూకరాజు మా అరుగు మీద కూర్చుండిపోయాడు. వేళ్ళ మీద ఆదివారాలు లెక్కపెట్టుకున్నాడు.

"మార్చి పదకొండు దాటిందంటే నా పని అయిపోయినట్టేనండి."

ఆ మాట నాకు కష్టమనిపించింది. నేనే అధ్యక్షులవారి ఇంటికి వెళ్ళి, మార్చి పదకొండున పెట్టమని దరఖాస్తు రాసిచ్చాను. ఆయన మంచి మనిషి. అందులో సందేహం లేదు. నిబంధనలు అనుమతిస్తే ఎవరికైనా ఏ మేలైనా చేస్తారు. ఫారం-1 తీసి తేదీ కాలమ్ నింపారు. స్థలం నింపారు. చుట్లు ఆరు అని నింపారు. సంతకం పెట్టబోతూ కలం ఆపేశారు.

"ఇదేమిటి, పద్నాలుగో కాలమ్ ఖాళీగా ఉంది?"

చూశాను. "విజేతల వివరములు" అని ఉంది.

"అది పందెం అయ్యాక నింపేదండి."

"మాస్టారూ, ఖాళీ కాలమ్‌తో ఒక్క కాగితం కూడా నా చేతి మీదుగా ముప్ఫై రెండేళ్ళలో బయటికి వెళ్ళలేదు. రేపు ఎవరైనా అందులో ఏదైనా రాసుకుంటే బాధ్యులెవరు?"

"ఎవరు గెలుస్తారో ఇప్పుడు మనకి తెలియదు కదండీ."

పక్కనే కూర్చున్న ప్రకాశం గారు గొంతు సవరించుకున్నారు. "తెలియదంటే ఏమిటి అర్థం? ఫలితం సభ్యుల నుంచి చివరి నిమిషం దాకా దాచిపెడుతున్నామనే కదా! తేదీ ముందే చెప్పి ఫలితం చెప్పకపోతే అది సగం పారదర్శకత."

సీతాపతిరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు నేను గట్టిగా నవ్వి ఉంటే ఆ ముచ్చట అక్కడితో పోయేదేమో. నవ్వలేదు. ఆ తప్పు నాది.

ముసాయిదా ఫలితాలు తయారు చేయడానికి పూర్వపు దాఖలాలు కావాలన్నారు. పూర్వపు దాఖలాలంటే నా నోటుబుక్కు. పన్నెండేళ్ళ పందేలు అందులో నా చేత్తో రాసి ఉన్నాయి. నూకరాజు పేరు ఎదురుగా రెండు, రెండు, మూడు, రెండు, రెండు. అధ్యక్షులవారు అది చూసి, "ఈయనకు రెండో స్థానం మీద అనుభవ హక్కు స్పష్టంగా ఉంది" అని రాసేశారు. నా చేతిరాతే అతని కొంప ముంచిందని నాకు ఒళ్ళు మండిపోయింది.

మొదటి స్థానం దొరబాబు వెళ్ళిపోవడం వల్ల ఖాళీ అయింది గనుక దానికి అర్హులెవరని చూశారు. పళ్ళ డాక్టరు శశికాంత్ ఆ మధ్యనే సభ్యుడయ్యాడు. అతని కాంపౌండరు సభ్యత్వం ఫారంతో పాటు బండి కాగితాలన్నిటికీ నకళ్ళు తీయించి, గెజిటెడ్ సంతకాలు చేయించి, ట్యాగు వేసి ఇచ్చాడు. క్లబ్బు మొత్తానికి సంపూర్ణమైన ఫైలు అదొక్కటే. మొదటి స్థానం డాక్టరుకి వచ్చింది. మిగతా ఏడుగురికీ మూడు నుంచి తొమ్మిది దాకా పంచారు. ఫిబ్రవరి పద్దెనిమిదిన ఫలితాలు బోర్డు ఎక్కాయి.

నూకరాజు బోర్డు ముందు నిలబడి చదివాడు. "ఇదేంటండి మాస్టారూ, పందెం అయిపోయిందాండీ?" అని అడిగాడు. అభ్యంతరం రాసివ్వమన్నాను.

విచారణ క్లబ్బు గదిలో జరిగింది. అధ్యక్షులవారు బల్ల వెనక, నూకరాజు ముందు.

"మీ అభ్యంతరం సారాంశం?"

"నేను ఫస్టొస్తానండి."

"అది కోరిక. అభ్యంతరం కాదు."

"పోనీ, సెకండు రానండి."

"రారనడానికి ఆధారం?"

"బండి తోలితే తెలిసిపోద్ది కదండీ!"

"అది పందెం తర్వాత పుట్టే ఆధారం. గడువులోపు దాఖలు చేయవలసింది పందెం ముందు పుట్టిన ఆధారం."

"ముందెలా పుడద్దండి?"

"అది అర్జీదారు చూసుకోవలసిన విషయం."

నూకరాజు చేతులు నలుపుకున్నాడు. "అయితే ఫస్టు ప్లేసుకి నేనూ దరఖాస్తు పెట్టుకుంటానండి. ఆయనకి ఇచ్చారు కదా, నన్నూ పరిశీలించండి."

"మీరు ప్రస్తుతం రెండో స్థానంలో ఉన్నారు. ఒకే వ్యక్తి రెండు స్థానాలకు అర్హుడు కాదు. ముందు రెండో స్థానానికి రాజీనామా చేయాలి."

"చేసేస్తానండి. ఇప్పుడే."

"రాజీనామా మీద అభ్యంతరాలకు ఇరవై ఒక్క రోజులు."

నూకరాజు గోడ మీది క్యాలెండరు చూశాడు. లెక్కపెట్టుకోవలసిన అవసరం కూడా లేకపోయింది. "ఆయ్, సరేనండి" అని లేచి వెళ్ళిపోయాడు. నేను ఆ విచారణ అంతా మినిట్సులో రాసి సంతకం పెట్టాను. రాసేటప్పుడు సిగ్గేసింది.

మార్చి పదకొండు ఆదివారం మైదానం నిండిపోయింది. పందెం చూడ్డానికి వచ్చినవాళ్ళు కొందరైతే, అచ్చయిన ఫలితాలు నిజంగా అలాగే వస్తాయా అని చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కువ. అధ్యక్షులవారు మైకు ముందు నిలబడ్డారు.

"ఇందుమూలముగా పోటీదారులకు తెలియజేయడమేమనగా, ప్రకటిత క్రమమును ఎవరూ అతిక్రమించరాదు. ముందున్న వారిని దాటదలచినవారు పది రోజులు ముందుగా దరఖాస్తు చేసి ఉండవలెను. అట్టి దరఖాస్తులేవీ అందలేదు."

తొమ్మిది బళ్ళూ బయలుదేరాయి. ముందు డాక్టరు. అతనికి మట్టిలో తోలడం కొత్త. రెండు కాళ్ళూ కింద ఆనించుకుంటూ, మలుపు దగ్గర దాదాపు ఆగి, మళ్ళీ కదిలి వెళ్తున్నాడు. వెనక నూకరాజు. అతని వెనక ఏడుగురు. అందరూ వరసగా, మర్యాదగా, బ్రేకుల మీద కాలేసి వెళ్తున్నారు. మామూలుగా యాభై సెకన్లలో అయ్యే చుట్టుకి నా గడియారంలో మూడు నిమిషాలు దాటింది. మూడో చుట్టుకి జనం కబుర్లలో పడ్డారు. ఫ్యాక్టరీ గోడెక్కి కూర్చున్నవాళ్ళలో ఎవడో "ఊరేగింపు బానే ఉంది గానీ, దేవుడేడండీ?" అని అరిచాడు.

అధ్యక్షులవారు మాత్రం పొంగిపోయారు. "గమనించారా మాస్టారూ, ఇంతవరకు ఒక్కరూ పడలేదు. క్లబ్బు చరిత్రలో ఇదే ప్రథమం."

అయిదు చుట్లు అయ్యాయి. ఆరో చుట్టు మొదట్లో, సరిగ్గా గీత దగ్గర, నా ఎదురుగా డాక్టరు బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక నూకరాజు ఆగాడు. అతని వెనక ఏడుగురూ ఆగారు.

డాక్టరు కిక్కు కొట్టాడు. కొట్టి కొట్టి చెమటలు కారాయి. బయటివాళ్ళు సాయం చేయకూడదని రూలు. నూకరాజు బయటివాడు కాదు గనుక బండి స్టాండు వేసి దిగి, డాక్టరు బండి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ప్లగ్గు ఊడదీసి చూశాడు. తాను రెండోవాడుగా రావడానికి మొదటివాడి బండి బాగుచేస్తున్న మనిషిని నేను చూడ్డం అదే మొదటిసారి.

"ప్లగ్గు పెట్రోలుతో తడిసిపోయిందండి డాక్టరు గారూ. ఈ బండి పరుగెత్తడానికి చేసిందండి. ఇంత మెల్లగా తోలితే దానిష్టం దానిది."

డాక్టరు హెల్మెట్ తీసేశాడు. "నూకరాజు గారూ, మీరెళ్ళిపోండి. నన్ను మొదట రమ్మని అసలెవరడిగారండి? నేను ఊరికే ఆదివారం కాలక్షేపానికి చేరాను."

మైకులో అధ్యక్షులవారి గొంతు మోగింది. "రెండో స్థానం వారు మొదటి స్థానం వారిని దాటరాదు! యథాస్థానంలో వేచియుండవలెను!"

"ఎప్పటిదాకా అండీ?" అని వెనక నుంచి పోస్టుమాన్ హైదర్ అరిచాడు. అతనికి ఆరో స్థానం కేటాయించారు.

అధ్యక్షులవారు మైకు పక్కన పెట్టి ఫైలు తిరగేశారు. దానికి ఫారం లేదు.

నూకరాజు బండెక్కి కూర్చున్నాడు. ముందు ఖాళీగా ఉన్న ట్రాకు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మాస్టారూ, గడియారం నొక్కుతారాండీ?"

నేను పారదర్శకత కార్యదర్శిని. నా చేతుల మీదుగా బోర్డెక్కిన ఫలితం అది. "నొక్కుతాను, వెళ్ళు" అన్నాను.

వెళ్ళాడు. ఆ చప్పుడుకి జనమంతా లేచి నిలబడ్డారు. హైదర్ ఒక్క క్షణం చూసి, "ఆగుతావేంట్రా ఇంకా!" అని వరసలోంచి బండి బయటికి లాగాడు. ఆ వెంటనే మిగతా ఆరుగురూ దూకారు. కేటాయించిన స్థానాలన్నీ మొదటి మలుపులోనే గల్లంతయ్యాయి. ఫ్యాక్టరీ పొగగొట్టం దగ్గర మలుపులో హైదర్ లోపలి వైపు నుంచి వచ్చి నూకరాజు పక్కకు చేరాడు. ఇద్దరి మోచేతులూ తగులుకున్నాయి. నూకరాజు బ్రేకు వదిలేసి మట్టిలో జారుతూ మలుపు తిరిగాడు. పడిపోతాడనుకున్నాను. పడలేదు. గీత దాటేసరికి హైదర్ ముందు చక్రం నూకరాజు వెనక చక్రానికి జానెడు దూరంలో ఉంది. యాభై ఒక్క సెకన్లు. ప్రకాశం గారు మడత కుర్చీ ఎక్కి ఈల వేశారు. ఆ ఈల తనది కాదని తర్వాత రాతపూర్వకంగా ఖండించారు.

మర్నాడు నూకరాజుకి యాభై నిండాయి. అన్న మాట ప్రకారం బండి హైదర్ ఇంటికి తోలిచ్చేశాడు. అదే సాయంత్రం కమిటీ సమావేశమై, వాస్తవ క్రమం పద్నాలుగో కాలమ్‌తో సరిపోలనందున మార్చి పదకొండున పందెం జరగలేదని తీర్మానించింది. మూడు వందల మంది చూశారని నేను అన్నాను. వారి వద్ద ప్రేక్షకులుగా గుర్తింపు పత్రాలు లేవన్నారు. బాధ్యులెవరో తేల్చాలి గనుక నూకరాజుకి మెమో తయారైంది. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

అతను కొట్టులో రాగి తీగ చుడుతున్నాడు. చేతులు తుడుచుకుని మెమో అందుకున్నాడు.

"మీరు ది. 11-3న జరిగిన పందెంలో మొదటి స్థానములో వచ్చియున్నారు. ఏ కారణము చేత వచ్చియున్నారో ఏడు రోజుల్లోగా లిఖితపూర్వక సంజాయిషీ ఇవ్వవలెను."

మొదటి వాక్యం దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ చదివాడు. వేలు పెట్టి చదివాడు.

"ఇది అధ్యక్షుల వారి సంతకమేనాండీ?"

"ఆయనదే."

"సీలు క్లబ్బుదేనాండీ?"

"నేనే వేశాను."

నూకరాజు మెమోని నలగకుండా ఖాతా పుస్తకంలో పెట్టుకున్నాడు. నాలుగో రోజుకి అధ్యక్షులవారికి సంగతి అర్థమైంది. పందెం జరగలేదని తీర్మానం, అందులో మొదట వచ్చాడని మెమో, రెండూ ఆయన సంతకంతోనే ఉన్నాయి. "మాస్టారూ, ఆ మెమో పొరపాటున జారీ అయింది. వెంటనే వెనక్కి తీసుకురండి" అని నన్ను తరిమారు.

వెళ్ళేసరికి మెమో గోడ మీద ఉంది. ప్లాస్టిక్ కాగితం అతికించి, చెక్క ఫ్రేము కట్టించి, కొట్టులోకి ఎవరొచ్చినా కనబడేలా తగిలించారు. అచ్చియ్యమ్మ కింద నిలబడి పైటకొంగుతో ఫ్రేము తుడుస్తోంది.

"అది వెనక్కి ఇమ్మంటున్నారమ్మా" అన్నాను.

"ఎందుకియ్యాలండీ? ఆయన పేరునొచ్చిన కాయితం. కావాలంటే ఆ రాజుగారినే వచ్చి దించుకోమనండి, నేనిక్కడే కూకుంటాను."

నూకరాజు నవ్వాడు. సంజాయిషీ మాత్రం ఇచ్చేస్తానని, తనకి రాత సరిగా రాదు గనుక నన్నే రాయమన్నాడు. స్టూలు మీద కూర్చుని, అతను చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క మాట కూడా నాది కలపలేదు. కింద అతను సంతకం పెట్టాడు. అది తీసుకెళ్ళి అధ్యక్షులవారి చేతిలో పెట్టాను.

"అయ్యా, పన్నెండేళ్ళ నుంచి నా ముందు ఎవరో ఒకరు ఉండేవారండి. వాళ్ళు లేపిన దుమ్మంతా నా కళ్ళల్లో పడేది. ట్రాకు ఎలాగుంటదో ఎప్పుడూ సరిగా చూడలేదండి. ఆ రోజు నా ముందు ఎవరూ లేరు. దుమ్ము లేదు. ట్రాకు అంతా కనపడింది. అందుచేత మొదట వచ్చానండి. మెమో మాత్రం ఇవ్వను."